మిషన్ బండి కోసం సంఘస్థులకు కమిటీ విజ్ఞప్తి

ప్రియమైన సంఘస్థులకు, హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో ఉంటున్న మన పిల్లలకు ప్రభువు నామంలో వందనాలు.

టైము లేదు కాబట్టి సూటిగా విషయానికొస్తున్నాం. దోర్నాల అవతల చెంచు గూడేల్లో మన సంఘం తరఫున పరిచర్య చేస్తున్న సువార్తికుడు గారికి బండి కొనాలని ఈస్టర్ తర్వాత తీర్మానించాం. సెకండ్ హ్యాండ్ బొలేరో ఒకటి కుదిరింది. అమ్మేవారు మన మాట మీద ఇన్నాళ్లు ఆగారు, డిసెంబరు మొదటి ఆదివారం దాటితే వేరేవాళ్లకు ఇచ్చేస్తామన్నారు. కావలసింది 4,20,000 రూపాయలు, చేతిలో సగం కూడా లేదు. మిగతా లెక్క నోటీసు బోర్డులో చూడండి.

బైకు ఉందిగా, మళ్లీ బండెందుకని కొందరు అడిగారు. నెలలు నిండిన తల్లిని బైకు మీద మార్కాపురం ఆసుపత్రికి తీసుకురాగలరా? శ్రీశైలం రోడ్డులో రాత్రి గేటు వేస్తారని మీకు తెలియనిది కాదు. సాయంత్రం లోపు అడవి దాటి రావాలంటే చేతిలో బండి ఉండాలి.

మనం ఎక్కడినుంచి వచ్చామో ఒకసారి తలుచుకోండి. 1853లో అమెరికాలోని బాప్తిస్టు మిషను బోర్డు నెల్లూరులో తన సువార్త పనిని ఆపేద్దామా అని చర్చించింది. ఆపలేదు గనక మనం ఉన్నాం. మరుసటి ఏడు జనవరి 1న నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొరగారు, నలుగురైదుగురు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. కరువు రోజుల్లో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి మన పెద్దలకు కూలి చూపించారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇదంతా మీకు తెలుసు, ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాం.

తర్వాతి సంగతే ఎవరూ చెప్పరు. పాతికేళ్లకే, 1903లో, తెలుగు బాప్తిస్టులు తమ కానుకలతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మిషనరీగా పంపారు. అక్కడి తోటల్లో కూలికి వెళ్లిన మనవాళ్ల కోసం. పంపినవాళ్లలో ఎక్కువమందికి సొంత భూమి చెక్క కూడా లేదు! బైబిల్లో అంతియొకయ సంఘం కూడా అంతే, బర్నబాను, సౌలును తన దగ్గరే అట్టిపెట్టుకోలేదు, సువార్తకు పంపింది. మిషన్ సంఘమంటే నా లెక్కలో అది. మన చర్చి గేటు దాటి ఏం వెళ్తోందో చూడాలి.

మీ చేయి పెద్దదే, కాదనం. స్త్రీల సమాజం అక్కలు ఇప్పటికీ పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు సంఘం కోసం పిడికెడు బియ్యం పక్కన తీస్తున్నారు. కోతల పండుగ వేలంలో ఒకే గుమ్మడికాయను పాడినవారల్లా మళ్లీ కానుకగా ఇచ్చేస్తే, అది ఎన్ని చేతులు మారిందో! కానీ కిందటి క్రిస్మస్ లైటింగుకు వారంలో డబ్బు వచ్చింది, సువార్తికుడు గారి జీతం మాత్రం మూడు నెలలుగా బాకీ. ఈ మాట రాయాలంటే సిగ్గుగా ఉంది. పండక్కి వచ్చి స్టారు కింద ఫోటోలు దిగే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి రాకముందే పంపండి. మీ అమ్మానాన్నల పేరు మీద ఇచ్చినా సరే.

కానుకలు కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తప్పక తీసుకోండి. దూరంగా ఉన్నవారు సంఘం బ్యాంకు ఖాతాకే వేయాలి, ఎవరి సొంత ఫోనుకూ వద్దు.

ఇట్లు,
కమిటీ తరఫున
సంఘ కార్యదర్శి

తా.క.: చర్చి స్లాబు కారుతున్న సంగతి, ప్రహరీ గోడ, స్త్రీల వైపు మరుగుదొడ్డి తలుపు గురించి కూడా రాయమని పాస్టరు గారు, కోశాధికారి గారు గట్టిగా చెప్పారు. వాటికి ఇవ్వదలచినవారు కవరు మీద ఆ మాట రాయండి. రాయని కవర్లన్నీ బండికే.