కొండ రోడ్డు గట్టుకు వల ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

వానలు వెళ్ళిన ప్రతిసారీ మా గజపతి, రాయగడ జిల్లాల కొండ రోడ్ల మీద ఒకటే తంతు జరుగుతోంది. జారిపోయిన అంచుల్లో టిప్పర్లు మళ్ళీ గ్రావెల్ పోస్తాయి, ఆ గ్రావెల్ కోసం ఇంకో కొండను తవ్వుతారు, మరుసటి శ్రావణానికి అదంతా గెడ్డల్లోకి దిగి మహేంద్రతనయలోనో వంశధారలోనో కలిసిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద చరియను, గట్లను పట్టి ఉంచడానికి పరిచే ఏ ప్లాస్టిక్ వలా ఆపజాలదు. రోడ్డు కోసం మనం కోసిన, మనం పోసిన గట్ల గురించి మాత్రమే ఈ ఉత్తరం.

ఈ మధ్య కొన్నిచోట్ల జియోగ్రిడ్ వాడుతున్నారు. పాలిప్రొపిలీన్, పాలిఎస్టర్ వంటి వాటితో చేసిన గట్టి గళ్ళ వల ఇది. కంకర కింద పరిచి రోలరు తిప్పితే రాళ్ళు ఆ గళ్ళలో ఇరుక్కుంటాయి, బరువు పడినా పక్కకు జరగవు. అందువల్ల మెత్తటి నేల మీద కూడా తక్కువ మందం కంకరతో రోడ్డు నిలుస్తుంది, ఆ మేరకు క్వారీ తవ్వకమూ, టిప్పర్ల తిరుగుడూ, డీజిలు పొగా తగ్గుతాయి. గట్టు పోసేటప్పుడు మట్టి పొరల మధ్య ఈ వలను పరుచుకుంటూ వస్తే ఇంకో మేలుంది. పదడుగుల ఎత్తు గట్టును మామూలుగా ఒకటికి రెండు వాలుతో పోస్తే పక్కకు 20 అడుగుల నేల పడుతుంది. వల పొరలతో ఒకటికి ఒకటి వాలులో నిలబెట్టగలిగితే 10 అడుగులు చాలు. మిగిలిన పదడుగుల్లో ఒక సవర రైతు జీడిమామిడి చెట్లు బతుకుతాయి. అక్కడి మట్టే పనికొస్తుందని పరీక్షలో తేలితే బయటి నుంచి మోసుకురావలసిన అవసరమూ ఉండదు. నా దృష్టిలో జియోగ్రిడ్ వల్ల పర్యావరణానికి జరిగే అసలు మేలు ఇదే: అది తెచ్చిపెట్టేదాని కన్నా, మనం తవ్వకుండా మిగిల్చేదే ఎక్కువ.

అయితే నిరుడు నేను తరచూ వెళ్ళే దారిలో ఒక మలుపు దగ్గర చూసింది వేరు. కోసిన గట్టు మీద నల్లటి వలను పరిచి, ఇనుప మేకులు దిగ్గొట్టి, పైన పిడికెడు మట్టైనా కప్పకుండా వదిలేశారు. రెండు పెద్ద వానలు పడేసరికి గళ్ళలోంచి మట్టంతా కారిపోయి, వల కుక్కి మంచంలా వేలాడింది. దాంట్లో కాలిగిట్ట చిక్కుకున్న మేకను విడిపించడానికి దాని కాపరి కత్తితో నాలుగు గళ్ళు కోయడం నేను కళ్ళారా చూశాను. అతన్ని తప్పు పట్టలేం. వేలు దూరేంత గళ్ళున్న వల పైపొర మట్టిని ఆపుతుందని ఎవరనుకున్నారో తెలియదు. పైగా ఎండకు ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలై మళ్ళీ గెడ్డలోకే చేరుతుంది. మట్టి లోపల కప్పి ఉంచితే అదే వల దశాబ్దాల పాటు పనిచేస్తుంది.

పైపొరను పట్టి ఉంచడానికి కొబ్బరి పీచు చాపలున్నాయి. వాటికి దూరం వెళ్ళనక్కరలేదు, సరిహద్దు దాటితే ఉద్దానమంతా కొబ్బరి తోటలే. ఆ చాప కొన్నేళ్ళలో కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది, ఈలోగా గడ్డి వేళ్ళూనుకుంటుంది. వట్టివేరు నాటితే దాని వేళ్ళు రెండు మూడు మీటర్ల లోతుకు నిలువుగా దిగుతాయి. మన కొండల్లో చీపురు గడ్డి ఎలాగూ ఉంది. వీటన్నిటికీ ముందు, గట్టు నెత్తిన ఒక కాలువ తవ్వి, వెనక చేరే నీటికి దారి చూపాలి. లోపల నీరు నిలిచిన గట్టును ఎన్ని పొరల వలైనా కాపాడలేదు.

అందుచేత సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న రోడ్ల అధికారులకు నా విన్నపం ఒక్కటే. జియోగ్రిడ్ పెట్టే ప్రతి అంచనాలోనూ కాలువ, పీచు చాప, గడ్డి నాటడం విడి పద్దులుగా చేర్చి, వాటికి వేరుగా డబ్బు చూపించండి. ఆ గడ్డి ఒక వానాకాలం తట్టుకుని నిలిచాకే ఆఖరి బిల్లు చెల్లించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.