దత్తమండలాలు అన్న పేరు వెనుక

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ కోఠీ మహిళా కళాశాల (ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం) ఆవరణలోని పాత రెసిడెన్సీ భవనాన్ని, అంటే నిజాం దగ్గర ఉండే ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి నివాసాన్ని, మా మనవరాలికి చూపించాను. ఇంగ్లీషువారు ఇంత పెద్ద కట్టడాన్ని ఎవరి డబ్బుతో కట్టారని ఆ పిల్ల అడిగింది. నిజాం డబ్బుతోనే అని చెబితే నమ్మలేకపోయింది. తనపై పెత్తనం చేసేవాడి నివాసానికి తానే ఖర్చు పెట్టుకునే స్థితికి ఒక రాజ్యం ఎలా దిగజారుతుందో తెలియకపోతే, యుద్ధాల తేదీలు ఎన్ని బట్టీ పట్టినా సామ్రాజ్యవాదం అర్థం కాదు.

1795లో ఖర్దా దగ్గర నిజాం అలీఖాన్ మరాఠాల చేతిలో ఓడినప్పుడు ఈస్టిండియా కంపెనీ తటస్థంగా ఉండిపోయింది. మూడేళ్ళకు, 1798లో, అదే కంపెనీ రక్షకురాలిగా ముందుకు వచ్చి, ఫ్రెంచి అధికారుల కింద ఉన్న నిజాం దళాన్ని రద్దు చేయించి, దాని స్థానంలో తన సిపాయిలను దింపి, వారి పోషణకు ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించేలా ఒప్పందం రాయించుకుంది. దీనినే సైన్య సహకార పద్ధతి అంటారు. 1800లో ఆ సైన్యాన్ని ఇంకా పెంచి, ఖర్చు కింద ఈసారి నగదుకు బదులు భూమినే తీసుకుంది. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాల తరువాత 1792లోనూ 1799లోనూ నిజాం వాటాకు వచ్చిన కడప, అనంతపురం, బళ్ళారి ప్రాంతాలు ఆ విధంగా కంపెనీ పరమయ్యాయి. కంపెనీకి తెలియకుండా మరో రాజ్యంతో సంప్రదింపులు జరపరాదన్న షరతు కూడా ఆ 1800 నాటి ఒప్పందంలోనే ఉంది.

మా సీమను అప్పటినుంచి దత్తమండలాలు, అంటే ఇచ్చేసిన జిల్లాలు, అన్నారు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ మాత్రమే కనిపించే ఆ పేరులో ఇక్కడి మనుషులు లేరు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించేదాకా ఆ మాటను మోస్తూనే ఉన్నాము.

భూమి ఇచ్చినా బాకీ తీరలేదు. ఒప్పందంలో లేని మరొక సైన్యాన్ని, హైదరాబాద్ కంటింజెంటును, ఇంగ్లీషు అధికారుల కింద పెట్టి దాని జీతాలను కూడా నిజాం ఖజానాపైనే వేశారు. ఆ జీతాల కోసం నిజాం మంత్రి చందూలాల్, పామర్ కంపెనీ అనే హైదరాబాదులోని ప్రైవేటు వడ్డీవ్యాపార సంస్థ దగ్గర నూటికి 24, 25 రూపాయల దాకా వడ్డీకి అప్పులు చేశాడు. ఐరోపావారు సంస్థానాధీశులకు అప్పులివ్వరాదన్న చట్టం నుంచి ఆ సంస్థకు 1816లో ప్రత్యేకంగా మినహాయింపు దొరికింది. దాని భాగస్వాముల్లో ఒకరు గవర్నర్ జనరల్ పెంచిన అమ్మాయి భర్త. చివరకు ఆ అప్పు తీర్చడానికి, ఉత్తర సర్కారుల (కోస్తా జిల్లాల) కోసం ఈస్టిండియా కంపెనీ తనకు ఏటా కట్టవలసిన 7 లక్షల పేష్కష్‌ను (కప్పాన్ని) నిజాం 1823లో శాశ్వతంగా వదులుకుని, బదులుగా ఒక్కసారిగా వచ్చిన కోటీ పదహారు లక్షలకు పైబడిన సొమ్మును పామర్ బాకీకి కట్టవలసివచ్చింది. సర్కారు జిల్లాలనుంచి హైదరాబాదుకు రావలసిన ఆఖరి రూపాయి కూడా అలా పోయింది.

కంటింజెంటు బాకీ మళ్ళీ పెరిగింది. 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ దాని కింద బేరారును (నేటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతంలోనిది) రాయించుకున్నాడు. దానిని తిరిగి తెచ్చుకోవాలని నిజాం ప్రధాని సాలార్ జంగ్ జీవితాంతం పాటుపడినా ఫలించలేదు. 1902లో వైస్రాయి కర్జన్ ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకుని ఆ ఆశను కూడా తుడిచివేశాడు. ఇదంతా చెప్పడం నిజాములను నిర్దోషులుగా చూపడానికి కాదు. వారు కట్టిన వడ్డీ ప్రతి పైసా, శిస్తు వసూళ్ళను గుత్తకు తీసుకున్నవారు పల్లెల్లో రైతును పిండితే వచ్చినదే. పైనున్న రాజును అప్పుతో కట్టివేస్తే కింద వసూలు చేసే పాపం అతని చేతులకే అంటుతుందని కంపెనీకి బాగా తెలుసు.

రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో సైన్య సహకార పద్ధతి గురించి నాలుగు వాక్యాలతో సరిపెట్టకుండా, 1800 నాటి ఒప్పందం షరతులనూ 1853 నాటి బాకీ లెక్కలనూ తేట తెలుగులో పక్కపక్కనే ముద్రించి, ఎవరు ఎంత ఇచ్చి ఏమి పొందారో పిల్లల చేతనే లెక్క కట్టించాలని విద్యాశాఖలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, అనంతపురం