కార్యదర్శి వార్షిక నివేదిక: చీటీలు, కొలతలు, తిరిగిరాని టేపు

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పక్కర్లేదు. ఇల్లు కట్టించేవాళ్లూ కట్టేవాళ్లూ ఒకే హాల్లో కూర్చునే సంఘం కాబట్టి గొంతులు లేవడం మామూలే. ఈ ఏడాది కాస్త తక్కువ లేచాయని నా లెక్క.

మధ్యవర్తిత్వ కమిటీ ముందుకొచ్చిన తగాదాల్లో చాలావాటికి మూలం ఎక్స్‌ట్రా పనే. "ఆ గోడ కాస్త ఇటు జరుపు మేస్త్రీ" అంటాడు ఇంటాయన. మేస్త్రీ తలూపుతాడు. అది ఫైనల్ బిల్లులోకి ఎక్కినప్పుడు "మాటవరసకి అడిగాను" అని ఒకరు, "రెండు రోజుల కూలి పోసి కట్టాను" అని ఇంకొకరు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు, అదే అసలు చిక్కు. అందుకని కార్బన్ పెట్టి రాసే చీటీల పుస్తకాలు అచ్చు వేయించాం. ఏం పని, ఎంత కొలత, ఏ రేటు, గడువు ఎన్ని రోజులు పెరుగుతుంది, కింద ఇద్దరి సంతకాలు. పని మొదలయ్యే ముందే రాసుకోవాలి. "ఇన్నేళ్ల పరిచయం, మన మధ్య కాగితాలేంటండీ" అన్న సభ్యుడే మూడు నెలలకు కమిటీ ముందు కూర్చున్నారు. పేరు చెప్పను, వారు ఈ హాల్లోనే ఉన్నారు.

ఇక గర్వంగా చెప్పుకోవాల్సింది కొలతల రోజు గురించి. ఒక సభ్యుడి స్లాబు పూర్తయ్యాక 12 ఎం.ఎం. స్టీలు ఊచల్లో కాంట్రాక్టరు బిల్లుకూ ఇంటాయన లెక్కకూ మధ్య 150 కిలోలు తేలలేదు. ఆయన బిల్లు ఆపారు, కాంట్రాక్టరు పనివాళ్లను ఆపేశారు. ఇద్దరినీ బతిమాలి, లెక్క అందరి ముందూ చేద్దామని ఒప్పించాం. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, మందంతో హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం.కి దాదాపు 0.89 కిలో. ఇంతవరకూ ఇంటాయన లెక్క తప్పేం కాదు. అయితే ఆయన డ్రాయింగులో గీత పొడవును మాత్రమే కొలిచారు. ఊచ వచ్చేది 12 మీటర్లు. అంతకు మించితే ఒకదాని మీద ఒకటి వేసి అతకాలి. రాడ్ బెండింగ్ మేస్త్రీ గొంతుక్కూర్చుని, రెండు ఊచలు పక్కపక్కన పెట్టి టేపుతో చూపించాడు: ఆ డ్రాయింగు ప్రకారం ఒక్కో అతుకు పొడవు మందానికి 50 రెట్లు, అంటే 60 సెంటీమీటర్లు. కాంక్రీటు పోయకముందు తీసిన ఫొటోల్లో అతుకులు లెక్కపెడితే 200 తేలాయి. అంటే 120 మీటర్లు, 107 కిలోలు. మూలన గోనెసంచిలో ఉన్న తుంపులు తూస్తే 31. మిగిలిన 12 కిలోల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రమే చెక్కు రాశారు. చెప్పాపెట్టకుండా పనివాళ్లను ఆపడం తన తప్పేనని కాంట్రాక్టరూ అన్నారు. ఆ ఫొటోలే లేకపోతే ఈ తగాదా ఇవాళ్టికీ నడుస్తుండేది.

కాంక్రీటు దిమ్మలను నొక్కి బలం చూసే క్యూబ్ టెస్టుల మీద ఒక ఇంజినీరు గారితో ప్రసంగం పెట్టించాం. 7వ రోజు ఫలితం రావాల్సిన బలంలో దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుందని, తీర్పు 28వ రోజుదని తెలియక ఎంతమంది టెన్షన్ పడి కాంట్రాక్టర్లను తిట్టారో అప్పుడు బయటపడింది. బ్రిటన్‌లో ఇవే గొడవల మీద 1993లో అక్కడి మాజీ ఎంపీ మైకేల్ లేథమ్ ఇచ్చిన మధ్యంతర నివేదిక పేరు 'నమ్మకం, డబ్బు' అని ఆయనే చెప్పారు. 1996లో అక్కడ చట్టం వచ్చింది. దాని ప్రకారం మామూలుగా 28 రోజుల్లో మధ్యవర్తి తీర్పు చెప్పాలి. మన కమిటీకి ఒక్కో ఫైలు ఎన్ని నెలలు పట్టిందో నేను చదవను.

ఫైళ్లు ఎందుకు ఆగాయో మాత్రం చెప్తాను. కమిటీకి పేరిచ్చిన సభ్యుల్లో సైటుకు వచ్చేది ఎప్పుడూ ఆ ఇద్దరే. మిగతావారికి ఫోన్ చేస్తే "ఇదిగో బయల్దేరాను" అంటారు. అంతే సంగతులు. ముఖ్య అతిథిగా ఒప్పుకున్న అధికారి గారు కూడా రాలేదు. ఆయన కోసం గంటన్నర ఎదురుచూశాం. శాలువా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

లెక్కలు ఆడిటరు గారు చూసి సంతకం చేశారు, ప్రతులు గుమ్మం దగ్గర ఉన్నాయి. చీటీల అచ్చుకు అనుకున్నదానికన్నా ఎక్కువైంది. చందా బాకీలు సగమైనా వసూలైతే ఆ లోటు ఉండదు. కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టి ఉంచే రిటెన్షన్ సొమ్ము ఎప్పటికి తిరిగివ్వాలన్న చర్చ మళ్లీ వాయిదా పడింది.

హాలు ఇచ్చినవారికి, తూకం యంత్రం మోసుకొచ్చిన కుర్రాళ్లకు, కుర్చీలు సర్దినవారికి, చీటీ నమూనాను నాలుగుసార్లు దిద్దిన ఉపాధ్యక్షులకు, లెక్కల దగ్గర ఓపిక పట్టిన కోశాధికారికి, సెలవురోజు మానుకుని వచ్చిన ఆ మేస్త్రీకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

చివరిగా, కొలతల రోజున సంఘం 30 మీటర్ల టేపు ఎవరో తీసుకెళ్లారు. దాన్ని మాత్రం చీటీ రాయకుండానే ఇచ్చాం, ఆ తప్పు నాదే. దయచేసి తెచ్చివ్వండి.

కార్యదర్శి