అక్కడి ‘జిల్లా జడ్జి’ వేరు

సంపాదకులు గారికి,

అమెరికా ఫెడరల్ (కేంద్ర) డిస్ట్రిక్ట్ కోర్టు జడ్జిని ‘జిల్లా జడ్జి’ అని రాస్తే, పాఠకుడికి మన జిల్లా కోర్టు న్యాయమూర్తే గుర్తుకొస్తారు. రాజ్యాంగం 233వ అధికరణం ప్రకారం హైకోర్టును సంప్రదించి గవర్నరు నియమించే మన జిల్లా జడ్జికి పదవీ విరమణ వయసుంది. అక్కడ అధ్యక్షుడు ప్రతిపాదించి సెనేట్ ఆమోదించిన జడ్జి సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం, జీతం తగ్గించడానికి సైతం వీల్లేని రక్షణతో, జీవితాంతం కొనసాగవచ్చు. తొలగించాలంటే ప్రతినిధుల సభ అభిశంసించాక సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది దోషిగా తేల్చాలి. ఈ కోర్టుల పరిధులైన 94 డిస్ట్రిక్టుల్లో, అమెరికా అధీన ప్రాంతాలైన గువామ్, వర్జిన్ ఐలాండ్స్, ఉత్తర మరియానా దీవుల జడ్జీలకు మాత్రమే పదేళ్ల గడువుంది.

విచిత్రమేమిటంటే, ఆ పదవికి కనీస వయసు గానీ, న్యాయశాస్త్ర పట్టా గానీ ఉండాలని రాజ్యాంగం చెప్పలేదు. ఆచారం మాత్రం బలమైనది: జడ్జి పనిచేయబోయే రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లు ‘బ్లూ స్లిప్’ అనే నీలిరంగు కాగితం తిరిగి పంపకపోతే ప్రతిపాదన సాధారణంగా సెనేట్ న్యాయవ్యవహారాల కమిటీలోనే ఆగిపోతుంది. ఇద్దరు సెనేటర్లకు ఇంత పట్టు ఉండటం నాకు సబబుగా తోచదు.

65 ఏళ్లు నిండి, 15 ఏళ్లు పనిచేసినవారు ‘సీనియర్ హోదా’ తీసుకుని తక్కువ కేసులు విచారించవచ్చు. ఆ ఖాళీలో కొత్త జడ్జి వస్తారు. హెచ్‌-1బీ వివాదాలు వెళ్లేది ఈ కోర్టులకే కాబట్టి, వార్తల్లో ‘ఫెడరల్’ అన్న మాటను వదలవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ