రేటు కంప్యూటర్ల ఉన్నది, పేజీ మీదికి ఎందుకు రాదు?

సంపాదకులు గారికి నమస్తే,

మొన్న మా బాపు రాత్రిపూట ఫోన్‌ల మార్కెట్ రేట్ల పేజీ తెరిచి తేజ మిర్చి ధర చూసుకొని, బాగనే ఉన్నదని 18 బస్తాలు ట్రాలీ ఆటోల ఏసుకొని పోయిండు, తీరా యార్డుకు పోయినంక తెలిసింది అది మూడు రోజుల కిందటి రేటని. పేజీ మీద తారీకే లేదు, ఆయనకెట్ల తెలుస్తది?

నేను హన్మకొండల వెబ్‌సైట్లు చేసే పనిల ఉన్న కాబట్టి ఆ పేజీ సోర్స్, అంటే దాని ఎనకున్న కోడ్, తీసి చూసిన. ఎవరో చేత్తో టైప్ చేసి పెట్టిన ఉత్త హెచ్‌టీఎంఎల్ అది, ఎవరన్న చేత్తో మారిస్తేనే మారుతది. యార్డులనేమో ప్రతి లాటు (అమ్మకానికి పెట్టిన ఒక్కో కుప్ప) కంప్యూటర్ల కొట్టి తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ప్రింట్ ఇస్తున్నరు, అంటే రకం, ధర, తారీకు అన్నీ డేటాబేస్‌ల, అంటే కంప్యూటర్ దాచిపెట్టే పట్టికలల, ఉన్నట్టే కదా, మళ్ల ఇంకోసారి టైప్ చేసుడు ఎందుకు? రకాలకు ఒక టేబుల్ (పట్టిక), లాట్లకు ఒక టేబుల్, రెండిటినీ కలిపే రకం ఐడీ (ఒక్కో రకానికి ఒక్కో నంబరు) ఉంటే సాలు. రైతు పేజీ తెరవంగనే పీహెచ్‌పీ (సర్వర్ల పేజీ తయారుచేసే ప్రోగ్రాం భాష) పోయి మైఎస్‌క్యూఎల్‌ను (డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్) అడగాలె, రెండు టేబుళ్లను జాయిన్ చేసిన (కలిపిన) వరుసలు అప్పటికప్పుడు పేజీల పడాలె. ఐబీఎంల పనిజేసిన ఎడ్గార్ కాడ్ టేబుళ్ల పద్ధతి చెప్పింది 1970ల, ఇదేం కొత్త విద్య కాదు.

రకం పేరు ఒక్క కాడనే ఉండాలె. ఒకరు తేజ అని, ఇంకొకరు తేజా అని కొడితే వెతికినప్పుడు సగం లాట్లే వస్తయ్, సగటు తప్పుతది. ఇంకొకటి, తెలుగు పేర్ల జాగల ప్రశ్నార్థకాలు పడుతున్నయ్. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కోటి యూటీఎఫ్‌8ల (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి) 3 బైట్లు తీసుకుంటది, టేబుల్‌కూ, పేజీకి డేటాబేస్‌కు నడుమ కనెక్షన్‌కూ రెండిటికీ యూటీఎఫ్‌8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌ల ఆ పద్ధతి పేరు) పెట్టాలె, ఒక దిక్కు మరిచినా అక్షరాలు పోతయ్, అట్ల సేవ్ అయినయ్ మళ్ల తిరిగి రావు.

ఈ రోజు తారీకుతోనే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాస్తే మాత్రం సెలవు రోజు పేజీ ఖాళీగ కనపడ్తది, ఆఖరుసారి కొనుగోళ్లు జరిగిన తారీకు తీసి రేటు పక్కనే పెద్దగ చూపియ్యాలె. అన్ని లాట్లు ఒక్కసారే గుమ్మరించకుండ 50 చొప్పున ఇస్తే ఊర్లె సిగ్నల్ తక్కువున్న కాడ గూడ తెరుసుకుంటది.

బాపువి ఇంకో 30 బస్తాలు కోల్డ్ స్టోరేజీల ఉన్నయ్. అవి తీసే నాటికన్నా ఆ పేజీ మీద తారీకు కనపడేటట్టు అధికారులు చూడాలని అడుగుతున్న.

ఒక మిర్చి రైతు కొడుకు,
హన్మకొండ