ఫ్యాక్టరీ మూసేస్తారు సరే, కింద నేల సంగతేంటి?

సంపాదకుడికి నమస్కారం.

మన విశాఖలో ఏదైనా ఫ్యాక్టరీ మూతపడుతోందనగానే పేపర్లలో రెండే వార్తలు: కార్మికుల బకాయిలు, ఆ భూమి ఎవరి చేతికి పోతుందనేది. రెండూ ముఖ్యమే. కానీ ఆ నేలలో ఏం ఇంకి ఉందో, అది ఎటు పోతోందో తేల్చకుండా గేటుకు తాళం వేయనివ్వకూడదు. గాజువాక వైపు రసాయన పరిశ్రమల ల్యాబుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఉత్పత్తి ఆగిపోయింది కదా, ఇంకేం భయం అనుకుంటాం. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసిన స్టైరీన్ అనే రసాయనం, లాక్‌డౌన్‌లో ఆగి ఉన్న ప్లాంటు ట్యాంకులోదే. శాశ్వతంగా మూసేసిన చోటికి ముందు వచ్చేది తుక్కు కాంట్రాక్టరు. ఆయనకు కావాల్సింది ఇనుము, రాగి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డితో ఆయనకేం పని? దాన్ని గోకి పక్కన పోయిస్తాడు. గ్యాస్ కట్టర్‌తో పైపులు కోస్తుంటే లోపల మిగిలింది నేలపాలు. ఆఖర్న గొట్టం పెట్టి కడిగేస్తే అంతా వాన కాలువలోకి, అక్కణ్ణుంచి గెడ్డలోకి. ఏళ్ల తరబడి నడిచినప్పుడు జరగని నష్టం కూల్చివేతలో నెల తిరక్కుండా జరిగిపోవచ్చు. ట్యాంకులు, పైపులు ఖాళీ అయ్యాయని కాలుష్య నియంత్రణ మండలి చూసి సంతకం పెట్టేదాకా తుక్కు వేలం జరగకూడదు.

ఇక అంచనా. నాలుగు మూలలా గుప్పెడు మట్టి తీసి ల్యాబుకు పంపితే అయిపోదు. విషం ఎక్కడుంది, ఏ దారిన కదులుతోంది, ఎవరిని చేరుతోంది, మూడూ కలిపి చూడాలి. 2012లో ఆగిపోయిన మింది జింక్ స్మెల్టర్ (ఖనిజం నుంచి జింకు తీసే ఫ్యాక్టరీ) లాంటి చోట వెతకాల్సింది సీసం, కాడ్మియం అనే విష లోహాలు. సీసం ఎక్కువగా పైమట్టినే పట్టుకుని ఉంటుంది. అక్కడ పిల్లలు ఆడుకుంటే దుమ్ముతోపాటు నోట్లోకి పోతుంది. యంత్రాల జిడ్డు వదిలించే క్లోరిన్ సాల్వెంట్లు అలా కాదు, నీటికంటే బరువు గనక భూగర్భజలం అడుగుదాకా దిగిపోతాయి. అడుగు లోతు మట్టి చూసి అంతా బాగుందని రాసే రిపోర్టుకు అవి దొరకవు. పైగా మన దగ్గర ఎర్రమట్టి కింద ఖొండలైట్ రాయి. నీరు దాని పగుళ్ల వెంట నడుస్తుంది. ప్రహరీ పక్క బోరు బాగానే ఉండి, దూరాన ఉన్న వాళ్ల బోరు పాడవచ్చు. అందుకే ప్రహరీ బయట కూడా, వానలకు ముందోసారి, తర్వాతోసారి పరీక్షించాలి. తాగునీటిలో లీటరుకు సీసం 0.01 మి.గ్రా., కాడ్మియం 0.003 మి.గ్రా. మించకూడదని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. రంగు, వాసన చూసి పట్టుకునే మోతాదులు కావివి.

ఎక్కడ తవ్వాలో డ్రాయింగులు చెప్పవు. నేను పనిచేసిన ఒక చోట డ్రమ్ములు కడిగే స్థలం ఏ మ్యాపులోనూ లేదు. బాయిలర్ వెనక, వానాకాలంలో కూడా గడ్డి మొలవని జాగా అది. అక్కడ కడిగిన కాంట్రాక్టు కూలీలకే తెలుసు. బకాయిలు సెటిల్ చేసే రోజున అందరూ వస్తారు గదా, అప్పుడే పాత ఆపరేటర్లను, కూలీలను కూర్చోబెట్టి మ్యాపు మీద గుర్తులు పెట్టించుకోవాలి. ఊళ్లకు వెళ్లిపోయాక ఎవర్ని పట్టుకుంటాం?

చట్టం లేదనడానికి వీల్లేదు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాలపై జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, ఆపైన 90 రోజుల్లో ప్రాథమిక అంచనా పూర్తవ్వాలి. శుభ్రం చేసే ఖర్చు పాడుచేసినవారిదే. ఆ సొమ్ము భూమి చేతులు మారకముందే డిపాజిట్ చేయించుకోవాలని నా అభిప్రాయం. భోపాల్‌లో 1984లో ఆగిన ప్లాంటు నుంచి 337 టన్నుల వ్యర్థాలు గేటు దాటింది 2025 జనవరిలో!

మన జిల్లా నివేదికలో ఏయే స్థలాలున్నాయో కలెక్టర్ గారు ప్రకటించాలి. పరీక్షలు చేసే సంస్థను యాజమాన్యం కాకుండా కాలుష్య నియంత్రణ మండలి ఎంపిక చేయాలి. ఆ రిపోర్టు తెలుగులో నగరపాలక సంస్థ (జీవీఎంసీ) జోనల్ ఆఫీసు నోటీసు బోర్డుకు ఎక్కేదాకా అలాంటి స్థలంలో లేఅవుట్‌కు నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఇవ్వకూడదు.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ కెమిస్టు,
గాజువాక, విశాఖపట్నం