పెంపకం రానిది ఎవరికి?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఆస్ట్రేలియా ఆదివాసుల మీద వచ్చిన వ్యాసం చదివి చాలా రోజులైనా చిరాకు తగ్గక ఈ లేఖ రాస్తున్నాను. 2024 మార్చిలో ఉత్తర ప్రాంతం (నార్తర్న్ టెరిటరీ)లోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో 18 ఏళ్లలోపు వారికి రాత్రి కర్ఫ్యూ పెట్టవలసి రావడానికి ఆదివాసీ తల్లిదండ్రులకు పిల్లల మీద అదుపు లేకపోవడమే కారణమని, తెల్లవారి ఇళ్లలో ఆ లోపం లేదని వ్యాసకర్త తేల్చేశారు. ఇక్కడ ఆస్ట్రేలియాలో స్థిరపడిన మనవాళ్లు కూడా వారాంతపు విందుల్లో, పళ్లెం చేతిలో పట్టుకుని, ఇదే తీర్పు చెబుతుంటారు.

ఇంట్లో పెత్తనమంతా కన్నవారిద్దరిదే కావాలన్నది తెల్లవారి లెక్క. అనేక ఆదివాసీ సమాజాల్లో తల్లి అక్కచెల్లెళ్లు తల్లులే, తండ్రి అన్నదమ్ములు తండ్రులే. బిడ్డను మందలించే హక్కు, బాధ్యత వారందరిదీ. అడుగడుగునా అదిలించకుండా పెద్దలను చూసి నేర్చుకోనివ్వడం వారి పద్ధతి. పెదనాన్న కోప్పడితే తండ్రి అడ్డుపడని ఇళ్లలో పెరిగిన తెలుగువారికి ఇది అంతుపట్టదంటే నేను నమ్మను.

పోనీ, అదుపు లేదనే అనుకుందాం. దాన్ని లాక్కున్నదెవరు? పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905 నాటి చట్టం ఆదివాసీ పిల్లలకు కన్నవారిని కాదని ఒక ప్రభుత్వాధికారిని సంరక్షకుడిగా నియమించింది. న్యూ సౌత్ వేల్స్‌లో 1915 సవరణతో కోర్టుకు వెళ్లకుండానే బిడ్డను తీసుకుపోయే వీలు కలిగింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ అలా పిల్లలను తీసుకుపోయినందుకు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, బాగుంది. కానీ దేశంలోని పిల్లల్లో నూటికి ఆరుగురే ఆదివాసులైనా, కన్నవారి నుంచి వేరుచేసి ప్రభుత్వం వేరేచోట ఉంచిన పిల్లల్లో నేటికీ నూటికి 40 మందికి పైగా వారే.

ఆ ప్రభుత్వపు పెంపకం ఎంత ముచ్చటైనదో అదే ఉత్తర ప్రాంతంలో డార్విన్ దగ్గరి డాన్ డేల్ బాలల నిర్బంధ కేంద్రం చూపించింది. అక్కడ పిల్లల మీద బాష్పవాయువు ప్రయోగించిన దృశ్యాలు 2016లో టీవీలో వచ్చాక రాయల్ కమిషన్ అనే ఉన్నతస్థాయి విచారణ సంఘం వేశారు. దాన్ని మూసేయమని 2017లో కమిషన్ చెప్పినా, ఆ తర్వాత ఏళ్ల తరబడి పిల్లలను అక్కడే ఉంచారు. అంతటితో ఆగారా? నేర బాధ్యత వయసును, అంటే పిల్లల మీద నేరం మోపగల కనీస వయసును, 2023లో 12కు పెంచిన ఉత్తర ప్రాంతంలోనే 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి మళ్లీ 10కి దించింది. ఇంత చేసిన అధికారులను ఒక్క మాట అనని మీ వ్యాసకర్తకు తల్లులు మాత్రం తేరగా దొరికారు.

ఒకప్పుడు మీ పత్రికలో ఇలాంటి వ్యాసం ఉపసంపాదకుడి బల్ల దాటేది కాదు. ఇకనైనా ఆ పిల్లల గురించి రాసేటప్పుడు వారిని పెంచుతున్న ఒక అమ్మమ్మనో, మేనమామనో అడిగి రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్